ఇంజను దొరికింది, కారు ఇంకా దొరకలేదు

వర్క్‌షాపు ప్రశ్నలు, జవాబులు
(విజయవాడ ఆటోనగర్‌లో రీబోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ షాపు నడిపే మేస్త్రీ పాఠకుల సందేహాలు తీర్చే శీర్షిక)

ప్రశ్న: మాది తెనాలి. పాలిటెక్నిక్ కాలేజీలో పనిచేస్తాను. అంబాసిడర్ మార్క్ 2 ఒకటి కొని, మొత్తం బాగుచేసి తిప్పాలని ఎప్పటి నుంచో కోరిక. కారు ఇంకా కుదరలేదు. ఈలోగా గుంటూరులో ఓ తుక్కు షాపులో అంబాసిడర్ పెట్రోలు ఇంజను, 1489 సీసీది, కనబడితే బేరమాడి ఇంటికి తెచ్చేశాను. చేత్తో తిప్పితే తిరుగుతోంది. కారు దొరికేలోపు దీన్ని విప్పి, రీబోరు కొట్టించి (అరిగిన సిలిండర్లను కాస్త పెద్దగా కోయించి), కొత్త పిస్టన్లు, బేరింగులు వేసి, బిగించి పక్కన పెట్టుకుందామని ఆలోచన. మా ఆవిడేమో ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అంటోంది. నేను వెళ్తున్న వరస సరైనదేనా?

జవాబు: మీ ఆవిడ మాటలో సగమే ఒప్పుకుంటాను. ఇంజను ముందు కొనడంలో తప్పేమీ లేదు. తుక్కు షాపులో మంచి ఇంజను కనబడ్డరోజు తీసుకోకపోతే మర్నాడు అది కొలిమికి పోతుంది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఇక ఉన్నవాటినే కాపాడుకోవాలి.

కాబట్టి విప్పండి, కడగండి, కొలవండి. రీబోరు మాత్రం ఇప్పుడు వద్దు. బిగించడం అసలే వద్దు. రీబోరు కొట్టి బతికేవాణ్ణి, గిరాకీని గుమ్మంలోంచి వెనక్కి పంపుతున్నానంటే కారణం ఉంటుంది కదా, వినండి.

మొదటిది కాగితాల గొడవ. ఆర్సీలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండూ ఉంటాయి. రేపు మీకు దొరికే మార్క్ 2 కూడా తన ఇంజను నంబరుతోనే వస్తుంది. అది తీసేసి మీది పెడితే ఆర్సీలో ఉన్నదొకటి, బానెట్ కింద ఉన్నదొకటి అవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇలాంటి మార్పు చేస్తే రవాణా శాఖ ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. అక్కడ అడిగే మొదటి మాట, ‘ఈ ఇంజను ఎక్కడిది?’ అని. తుక్కు షాపాయన చీటీ ముక్క మీద ‘పాత ఇంజను, ఒకటి’ అని రాసిచ్చి ఉంటే అది దేనికీ పనికిరాదు. బండిని తుక్కు చేస్తే ఓనరు 14 రోజుల్లోగా ఆఫీసుకి తెలియజేసి ఆర్సీ అప్పగించాలని అదే చట్టంలో 55వ సెక్షన్ చెబుతోంది. అలా అప్పగించేవాళ్లు ఎందరుంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంజను ఏ దొంగబండిదో, పోలీసు కేసులో ఉన్న బండిదో అయితే ఆ తలనొప్పి మీకు చుట్టుకుంటుంది. షాపాయన మిమ్మల్ని మరిచిపోకముందే మళ్లీ గుంటూరు వెళ్లి, ఇంజను నంబరు వేసిన బిల్లు రాయించుకోండి. పాత ఆర్సీ జిరాక్సు ఏదైనా ఆయన దగ్గర ఉంటే అదీ అడగండి.

ఇంకో మెలిక ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు విడిగా రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత బండ్లకు ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మార్క్ 2 బండ్లలో చాలా భాగానికి ఆ వయసు వచ్చేసింది. అయితే ఛాసిస్‌లో గానీ, బాడీ షెల్‌లో గానీ, ఇంజనులో గానీ చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. అదీగాక ఆ నంబరు మీద రోజూ ఆఫీసుకి తిరగడానికి లేదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, రిపేరుకు తీయాలి, అంతే. మీకు ఆదివారం షికారు కావాలా, ఆ నంబరు ప్లేటు కావాలా అన్నది ముందే తేల్చుకోండి. నన్నడిగితే మామూలు ఆర్సీ బతికున్న కారే కొనమంటాను.

ఇప్పుడు అసలు కిటుకు. నంబరు ఉండేది బ్లాకు మీద, అంటే సిలిండర్లుండే పెద్ద ఇనప దిమ్మ మీద. సిలిండర్ల పైన మూతలా కూర్చునే హెడ్డుకి ఆర్సీ లేదు, పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంకుకి లేదు, కామ్‌షాఫ్టుకి, మ్యానిఫోల్డుకి, వాటర్ పంపుకి లేదు. అందుకని బ్లాకు కారుదే, మిగతాదంతా మీదే అనుకుని పని మొదలుపెట్టండి. కారుతో వచ్చిన బ్లాకు బాగుంటే దానికే రీబోరు కొడదాం, మీరు సిద్ధం చేసిన హెడ్డూ మిగతా సామానూ దానికి ఎక్కిద్దాం. కారు బ్లాకు పగిలిందో, ఇంజనే లేకుండా కారు దొరికిందో, అప్పుడు మీ బ్లాకు బయటికి తీద్దాం, ఆ కాగితాలు రాయించుకుందాం. ఈ వరసలో వెళ్తే పెట్టిన డబ్బు ఎటు తిరిగినా వృథా కాదు.

విప్పేటప్పుడు మెయిన్ బేరింగ్ క్యాపులు మూడింటికీ, కనెక్టింగ్ రాడ్ల క్యాపులు నాలుగింటికీ సెంటర్ పంచితో చుక్కలు పెట్టండి. ఆ క్యాపులు బ్లాకుతో, రాడ్డుతో కలిపి బోరు కొట్టినవి. ఒకదాని క్యాపు ఇంకోదానికి వేస్తే క్రాంకు పట్టేస్తుంది. టాపెట్లు (కామ్‌షాఫ్టు మీద ఆనుకుని వాల్వుల్ని కదిలించే చిన్న ముక్కలు) తీసిన వరసలోనే కోడిగుడ్ల అట్టలో పెట్టుకోండి, అవి కామ్ మీద తమ చోటుకి అరిగి ఉంటాయి. ఇంజను నంబరున్న చోట వైర్ బ్రష్, గ్రైండరు, పుట్టీ ఏవీ తగలనీయొద్దు. నంబరు మసకబారిన బ్లాకుని ఏ ఇన్‌స్పెక్టరూ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా.

కడగడం అంటే పైపైన డీజిల్ కొట్టడం కాదు. బ్లాకు పక్కనుండే కోర్ ప్లగ్గులు, అంటే నీటి దారులకి కొట్టిన రేకు బిళ్లలు, ఊడదీయండి. మన బోరు నీళ్లు తాగిన ఇంజనులో వెనక నాలుగో సిలిండరు చుట్టూ చెరువు మన్నులాంటి బురద, సున్నం గట్టిపడి ఉంటాయి. ‘అంబాసిడర్ హీటెక్కుతోంది’ అని రేడియేటరు మార్చి, థర్మోస్టాట్ పీకేసి, చివరికి నా దగ్గరికి వచ్చే బండ్లలో రోగం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. వంచిన ఇనప కమ్మీతో పొడిచి, నీళ్లు కొడుతూ తీయాలి. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే కాబట్టి కాస్టిక్ తొట్టిలో వేయొచ్చు. పిస్టన్లు, కార్బురేటరు లాంటి అల్యూమినియం సామాను అందులో వేశారో, తెల్లారేసరికి తినేస్తుంది.

ఇక కొలతలు. షాపుకి బ్లాకు రాగానే నేను గేజి తీయను, ముందు గోరు పెడతాను. సిలిండరు పైఅంచు నుంచి గోరుని కిందికి జార్చుకుంటూ వెళ్తే, పై రింగు ఆగేచోట అది చిన్న మెట్టుకి తట్టుకుంటుంది. మెట్టు తెలిసీ తెలియనట్టుంటే ఆశ ఉంది. గోరు టక్కున ఆగితే బోరు అయిపోయినట్టే. ఆ తర్వాత డయల్ గేజి. 1489కి కంపెనీ బోరు 73.025 మిల్లీమీటర్లు, మా భాషలో 2 అంగుళాల 7/8. గేజిని బోరు అట్టడుక్కి దించితే రింగులు తాకని చోటు కాబట్టి ముల్లు దాదాపు పాత కొలతే చూపిస్తుంది. అక్కడ సున్నా కట్టుకోండి. మెల్లగా పైకి లాగుతూ మెట్టుకి కాస్త కింద ఆపి, గేజి పిడిని కొద్దిగా ఊపండి. ముల్లు ఎక్కడ వెనక్కి తిరుగుతుందో అదే లెక్క. క్రాంకుకి అడ్డంగా ఒకసారి, పొడుగునా ఒకసారి చూడండి. రాడ్డు పిస్టన్‌ని పక్కకి నెడుతుంది కాబట్టి అడ్డంగానే అరుగుడు ఎక్కువ కనబడుతుంది. పైకీ కిందికీ తేడా మూడు నాలుగు థౌలు ఉంటే హోనింగ్ చేసి (బోరు గోడని సానరాళ్లతో సన్నగా రుద్ది) కొత్త రింగులు వేస్తాను. ఆరు దాటితే రీబోరే. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, పాతిక మైక్రాన్లు. తల వెంట్రుకలో మూడో వంతు ఉంటుందేమో.

పిస్టన్ తల మీది మసి గీకి చూడండి. ఏమీ లేకపోతే స్టాండర్డు, 020 అనో 040 అనో (20 థౌలు, 40 థౌలు పెద్ద సైజని) కొట్టి ఉంటే ఇదివరకే రీబోరు అయిన ఇంజను. ఆఖరి సైజుకి వచ్చేసి ఉంటే బోరుకి దారి లేదు, స్లీవులు, అంటే లోపల కొత్త ఇనప గొట్టాలు, దించాల్సిందే. ఈ అంకెలన్నీ ఒక నోటు పుస్తకంలో సిలిండరు వారీగా రాసి ఉంచండి.

‘అరిగిందని తేలాక రీబోరు ఇప్పుడే కొట్టిస్తే ఏం పోతుంది?’ అని మీకు అనిపిస్తుంది. హోనింగ్ చేసిన బోరు గోడ పచ్చి ఇనుము. శ్రావణంలో ఒక రాత్రి నూనె లేకుండా వదిలితే తెల్లారేసరికి నారింజ రంగు తేలుతుంది. ఇంకోటి, పిస్టన్లు బల్ల మీద పెట్టనిదే మా షాపులో బోరు మెషిను తిరగదు. ‘020 సైజు పిస్టన్లు తర్వాత తెస్తాను, బోరు కొట్టేయండి’ అనేవాళ్లకి టీ ఇచ్చి పంపిస్తాను. పెట్టె మీద ఒకే సైజు రాసి ఉన్నా పిస్టన్లు నాలుగూ ఒకేలా ఉండవు. ఒక్కోదాన్ని మైక్రోమీటరుతో కొలిచి దాని బోరు దానికి కొట్టాలి. కారు బ్లాకు ఏ సైజు అడుగుతుందో తెలియకుండా పిస్టన్లు కొనలేరు, పిస్టన్లు లేకుండా నేను కొట్టలేను. కథ కారు దగ్గరికే వచ్చి ఆగింది చూశారా?

బిగించి దాచడం దీనికన్నా చేటు. బిగించేటప్పుడు పూసిన నూనె నెలలు గడిచేకొద్దీ సంపులోకి, అంటే ఇంజను అడుగున ఉండే నూనె తొట్టిలోకి, దిగిపోతుంది. ఏదో ఒక వాల్వు తెరుచుకునే ఉంటుంది, అందులోంచి చెమ్మగాలి బోరులోకి పోతుంది. కొందరు ఆగలేక ఇంజనుని బల్ల మీదే స్టార్టు చేసి, గంటలకొద్దీ ఐడిలింగ్‌లో తిప్పి వీడియోలు తీసుకుంటారు. చూడ్డానికి బాగుంటుంది. కొత్త రింగులు మాత్రం లోడు మీదే బోరుకి కూర్చుంటాయి. లోడు లేకుండా తిప్పితే హోనింగ్ గీతలు నునుపెక్కి అద్దంలా అయిపోతాయి, ఆ తర్వాత ఆ ఇంజను బతికినన్నాళ్లూ నూనె తాగుతుంది.

ఇప్పుడు తృప్తిగా పూర్తిచేయగలిగింది హెడ్డు. మీ సరదా అంతా దాని మీద తీర్చుకోండి. ఈ హెడ్డులో ఎగ్జాస్టు దారులు మూడే. రెండు, మూడు సిలిండర్ల పొగ మధ్యలో ఒకే దారిలో పోతుంది. అందుకే మధ్యలో వేడెక్కువ, పగుళ్లూ అక్కడి వాల్వు సీట్ల మధ్యనే వస్తాయి. ఎర్ర డై పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లి చూస్తే వెంట్రుకంత పగులైనా ఎర్రగీతగా బయటపడుతుంది. పగులు లేకపోతే ఎగ్జాస్టు వాల్వులకి గట్టి సీట్లు కొట్టించండి. ఈ ఇంజను పుట్టిన కాలంలో పెట్రోలులో సీసం ఉండేది, అది సీటుకీ వాల్వుకీ మధ్య పూతలా పనిచేసేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. మెత్తని ఇనప సీటులోకి వాల్వు కొంచెం కొంచెంగా దిగిపోతుంది, టాపెట్ గ్యాపు దానంతటదే మూసుకుపోతుంది, కొండ ఎక్కేటప్పుడు లాగుడు చచ్చిపోతుంది. గైడులు కూడా అప్పుడే మార్చి, హెడ్డు ముఖం తేలిగ్గా లెవెల్ చేయించి, నూనె పూసి గుడ్డ చుట్టి దాచండి. బ్లాకు మీద లేని హెడ్డులో వాల్వులన్నీ మూసుకునే ఉంటాయి కాబట్టి భయం లేదు. కడప బండ మీద ముఖం ఆనించి మాత్రం పెట్టకండి.

క్రాంకుని మైక్రోమీటరుతో కొలిచి కోలగా అరిగిందేమో చూడండి. బాగుంటే గ్రీజు పూసి నిలబెట్టి కట్టేయండి. అరిగి ఉంటే గ్రైండింగ్ ఆపండి. కారులోని క్రాంకు దీనికన్నా మంచిది కావచ్చు. బేరింగులు, ప్యాకింగ్ సెట్టు ఆఖరున. కార్కు ప్యాకింగులు అట్ట పెట్టెలో ఎండి ముక్కలవుతాయి, డబ్బు దండగ.

కొత్తవాళ్లు పట్టించుకోనిది చిల్లర సామాను. డైనమో బ్రాకెట్, థర్మోస్టాట్ మూత, ఫ్యాన్ పుల్లీ, ఇంజను వెనక ప్లేటు, ఫ్లైవీలు, క్లచ్ హౌసింగు బోల్టులు. పిస్టన్లు డబ్బు పారేస్తే దొరుకుతాయి, ఈ బ్రాకెట్ల కోసం ఊళ్లు తిరగాలి. తుక్కు షాపులో ఆ ఇంజను తాలూకు బకెట్టేదైనా మిగిలి ఉంటే బిల్లు కోసం వెళ్లిన రోజే తెచ్చుకోండి. అన్నట్టు, కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు బానెట్ కింద ఏ ఇంజనుందో గమనించండి. అంబాసిడర్‌లో డీజిల్ ఇంజను కూడా 1489 సీసీయే, 1990ల్లో ఇసుజు 1800 పెట్రోలు వచ్చింది. టాక్సీగా తిరిగిన మార్క్ 2కి మధ్యలో డీజిల్ ఎక్కించి, ఆర్సీలో ఇంధనం మార్పించినవాళ్లు ఉన్నారు. అలాంటి కారు కొంటే మళ్లీ పెట్రోలుకి తేవడం ఇంకో అనుమతి. బాడీ చూసి మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేయకండి.

రేట్లు రాయమని అడుగుతారని తెలుసు. ఊరికో రేటు, షాపుకో రేటు. పత్రికలో అంకె వేస్తే రేపు నా షాపు ముందే గొడవ.

ప్రశ్న: నా దగ్గర ఇప్పటికే రీబోరు అయి, బిగించేసిన అంబాసిడర్ ఇంజను ఉంది. బాడీ పని ఇంకో ఏడాది పట్టేలా ఉంది. పాడవకుండా ఎలా దాచాలి? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: వాల్వులన్నీ మూసుకునేలా చేయడమే ముఖ్యం. అలాగని రాకర్ షాఫ్టు (హెడ్డు మీద వాల్వుల్ని నొక్కే రాకర్లుండే కడ్డీ) ఊడదీయబోకండి. ఈ ఇంజనులో రాకర్ దిమ్మెల్ని పట్టుకునే నట్లలో నాలుగు హెడ్డు నట్లు కూడా. వాటిని వదులు చేస్తే హెడ్డు ప్యాకింగు కదిలిపోతుంది. టాపెట్ స్క్రూలు పూర్తిగా పైకి తిప్పి, రాకర్లను ఒక్కొక్కటే పక్కకి జరిపి, వాటి కిందుండే పుష్‌రాడ్లు (టాపెట్ నుంచి రాకర్ దాకా ఉండే కడ్డీలు) పైకి లాగేయండి. వరస తప్పకుండా అట్టకి గుచ్చి పెట్టుకోండి. ఇప్పుడు ఎనిమిది వాల్వులూ మూసుకున్నట్టే. ప్లగ్గు రంధ్రాల్లో తలో రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పి ప్లగ్గులు పెట్టేయండి. కార్బురేటరు, ఎగ్జాస్టు మూతులకి చెక్క బిళ్లలు బిగించండి. అప్పుడప్పుడూ తిప్పుతూ, పిస్టన్లు ప్రతిసారీ వేరే చోట ఆగేలా చూడండి. నేరుగా ప్లాస్టిక్ కవరు చుడితే లోపల చెమ్మ పడుతుంది. పాత దుప్పటి మేలు.

ప్రశ్న: మా అంబాసిడర్‌కి ఇంజను మొత్తం కొత్తగా చేయించాను. అయినా గేరుబాక్సు మొదట్లో నూనె చుక్కలు పడుతున్నాయి. మేస్త్రీ ‘ఇంతే’ అంటున్నాడు. నిజమేనా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: సగం నిజం చెప్పాడు. ఈ ఇంజనులో క్రాంకు వెనక రబ్బరు సీలు ఉండదు. క్రాంకు మీదే స్క్రూ మరలాంటి గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు అది నూనెని లోపలికి తోడుకుంటుంది. ఇంజను ఆగితే తోడేదెవరు? రాత్రి నిలిపినచోట ఒకటి రెండు చుక్కలు దీని పుట్టు లక్షణం. బండి నడుస్తుండగా కూడా కారుతోందంటే మాత్రం ‘ఇంతే’ అనడానికి లేదు. టాపెట్ కవరు బ్రీదర్ గొట్టం ఊడదీసి ఊదించండి. అది మసితో మూసుకుపోతే లోపలి ప్రెషరు నూనెని వెనక నుంచి నెట్టేస్తుంది. పక్కనున్న టాపెట్ ఛెస్టు మూతల కార్కులు కూడా చూడమనండి, అక్కడ కారిన నూనె వెనక్కి పాకి వచ్చి క్రాంకు మీద నింద వేస్తుంది.

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాను. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కోసం వెతుకుతూ ముందుగా 1798 సీసీ ఇంజను కొన్నాను. సెలవులకు విజయవాడ వస్తున్నాను. ఇది అంబాసిడర్ ఇంజనుకి చుట్టమని విన్నాను. అక్కడి నుంచి పిస్టన్లు, క్రాంకు తెచ్చుకోవచ్చా?

జవాబు: చుట్టమే, ఒకే తండ్రి బిడ్డలు. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బీ సిరీస్ ఇంజన్లే, రెండింటికీ స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 88.9 మిల్లీమీటర్లే. బోరు మాత్రం వేరు: అంబాసిడర్‌ది 73.025, మీది 80.26. మా పిస్టన్లు మీ బోరులో గలగలలాడతాయి. క్రాంకు సంగతికొస్తే, 1964 చివర నుంచి ఎంజీబీకి మెయిన్ బేరింగులు ఐదయ్యాయి, అంబాసిడర్‌కి మూడే. అదీ కుదరదు. ఎంజీబీ సామాను మీకు అక్కడే అంగడినిండా దొరుకుతుంది, మోసుకెళ్లే శ్రమ ఎందుకు? రావాలనుకుంటే ఊరికే రండి, బోరు మెషిను చూసి వెళ్లండి. మీ ఇంజనుకీ కారు లేదు కాబట్టి తెనాలి ఆయనకి చెప్పిందే మీకూ, ఒక్క తేడాతో: అక్కడ లాగ్‌బుక్కులో (మన ఆర్సీ లాంటిది) ఇంజను నంబరు మార్చుకోవడం ఇక్కడికన్నా సులువు, అక్కడి వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏకి రాసి పంపితే చాలు. ఇంజను కొన్న రసీదు మాత్రం జాగ్రత్తగా ఉంచుకోండి.